తొట్టి కడిగే రోజు

జ్వరం తగ్గి నెలలు దాటినా తడి గుడ్డ పిండాలంటే ఆమెకు ఏడుపొస్తోంది. పిడికిలి మూసుకోదు. గుడ్డని కుళాయికి చుట్టి, మోచేతులతో మెలిపెట్టి, కారినన్ని నీళ్ళు కారనిచ్చి తీగ మీద వేస్తుంది. అది సాయంత్రం దాకా చుక్కలు రాలుస్తూనే ఉంటుంది. "పిండకుండానే ఆరేశావేం?" అని అత్తగారు అడిగితే మొదట్లో కారణం చెప్పేది. ఇప్పుడు "మర్చిపోయానత్తయ్యా" అంటోంది. నొప్పి అని చెబితే వచ్చే మాటలకంటే మతిమరుపని చెబితే వచ్చే మాటలే తక్కువ.

వానలు మొదలవగానే వీధిలోకి కీళ్ళ జ్వరం దిగింది. వాళ్ళింట్లో ముందు పడింది ఆమె భర్త. ఆయన మూలుగు వీధి చివరికి వినిపించింది. ఆమె ఒళ్ళు తుడిచింది, చెంచాతో తాగించింది, భుజానికి ఆనించుకుని స్నానాల గదికి నడిపించింది. ఆయన లేచేసరికి అత్తగారు పడ్డారు. ఆవిడ లేచాక ఈమె. తన వంతు వచ్చేసరికి ఇంట్లోవాళ్ళకి ఆ జ్వరం పాతబడిపోయింది. మూడోనాడే గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు. ఆయన గుమ్మంలో నిలబడి, "ఏదో ఒకటి తేలిగ్గా చేసెయ్, మాకేం పట్టింపు లేదు" అన్నాడంతే. దయగానే అన్నాడు. అదే ఆమెకు ఇప్పటికీ మింగుడుపడదు.

జ్వరం వీధంతా చుట్టబెట్టాక కమిటీ వేశారు. రిటైరైన మాస్టారు అధ్యక్షుడు, ఆమె భర్త కార్యదర్శి. ప్రతి ఆదివారం అన్ని ఇళ్ళలోనూ నిలవ నీళ్ళు పారబోసి తొట్లు కడగాలని తీర్మానం. మంచి తీర్మానమే, ఆమెకు అందులో అనుమానం లేదు. దోమ గుడ్లు తొట్టి గోడకి అంటుకుని ఉంటాయని, నీళ్ళు మారిస్తే చాలదు, రుద్దాలని భర్త మైకులో చెబుతుంటే కిటికీలోంచి శ్రద్ధగా విని, అలాగే చేసింది. "ఇంటి ఇల్లాలు ఒక్క గంట ఒళ్ళు వంచితే వీధికి జ్వరం రాదు" అని ఆయన అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. పెరట్లోని సిమెంటు తొట్టిలోకి నడుం దాకా వంగి, అడుగు నీళ్ళు చెంబుతో తోడి, గోడలు రుద్ది లేచేసరికి ఆమెకు పూట గడిచిపోయేది. మిగతా పనులు అప్పటిదాకా మర్యాదగా పక్కకి తప్పుకోవు కదా. మెచ్చుకోలు మాత్రం ఇంటికి నడిచొచ్చేది. "మీ ఆయన పూనుకోబట్టి వీధి బాగుపడిందమ్మా" అనేవాళ్ళు కూరగాయల బండి దగ్గర. ఆమె నవ్వేది. నవ్వడానికి కీళ్ళు అక్కర్లేదు.

పోయిన ఆదివారం చేతులు పూర్తిగా మొండికేశాయి. చేతులెత్తేయడం అంటారు గానీ, ఎత్తగలిగితే కదా. ఈ వారం తొట్టి మీరు కడగండి అని ఆయన్ని అడిగింది. పొద్దుటి నుంచీ కూడగట్టుకుని మరీ అడిగింది. చూద్దాంలే అన్నాడు. సాయంత్రం గుర్తుచేస్తే, వీధంతా తిరిగొచ్చిన మనిషిని ఇప్పుడా అన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగితే విసుక్కున్నాడు: "నాకు రాలేదా జ్వరం? తగ్గలేదా? మనసులో పెట్టుకుని కూర్చుంటే ఎవరికీ తగ్గదు." అత్తగారు తన గదిలోంచి, మగాడి చేత తొట్టి కడిగిస్తుందట అని పైకే అనుకున్నారు.

ఈ ఆదివారం సాయంత్రం నీళ్ళు ముంచుకోబోతే తొట్టిలో దోమ గుడ్లలోంచి వచ్చిన తోకపురుగులు కనిపించాయి. ఆమె నీడ పడగానే జర్రున అడుక్కి దిగి, మళ్ళీ మెలికలు తిరుగుతూ పైకొస్తున్నాయి. ఎదురింట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఎదురింటి అమ్మాయికి కాన్పయి నెల తిరగలేదు. బిడ్డని వల కింద పెట్టుకుని, పగలు కూడా విసనకర్రతో కాపలా కాస్తోంది. కార్యదర్శి గారి దోమ కదా అని ఎదురింటి గుమ్మం దగ్గర ఆగదు.

ఆమెకు కోపం వచ్చింది. ఈ మధ్య కోపం కూడా అలసటలాగే వస్తోంది. వేరే పనైతే మానేసి ఊరుకోవచ్చు. అంట్లు తోమకపోతే అంట్లే పేరుకుంటాయి, చూసేవాళ్ళు చూస్తారు. ఈ పని మానేస్తే శిక్ష పడేది వల కింద బిడ్డకి. వంగబోయింది. మణికట్టు కలుక్కుమని చెంబు జారి తొట్టిలో పడింది. ఎదురింటి అమ్మాయిని పిలిస్తే అయ్యో అక్కా అంటూ కుట్లతోనే పరిగెత్తుకొస్తుంది. పక్కింటావిడని పిలిస్తే ఆవిడా వస్తుంది, సొంత తొట్టి కడిగిన చేతులు ఇంకా ఆరకుండానే. ఆడవాళ్ళు వస్తారు. ఎప్పుడు పిలిచినా వస్తారు. అందుకే కదా ఇన్నాళ్ళూ ఇది ఇలా సాగింది. ఆమె పైట సర్దుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

వీధి మలుపులో, మాస్టారి ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కమిటీ కూర్చుంది. ఈ వారం ఏ ఇంట్లోనూ పురుగన్నది కనబడలేదని భర్త నిలబడి చెబుతున్నాడు. ఆమెను చూసి, టీ తెచ్చిందేమోనని చేతులకేసి చూశాడు.

"మా ఇంట్లో ఉన్నాయండీ" అంది ఆమె మాస్టారితో. "తొట్టి నిండా ఉన్నాయి. నా చేతులు పనిచెయ్యట్లేదు. ఎదురుగా పసిబిడ్డ ఉంది. మీలో ఎవరైనా ఒకరొచ్చి కడిగిపెట్టండి."

వెనక కుర్చీలోంచి ఎవరో "ఊరందరికీ శకునం చెప్పే బల్లి..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మిగతా సగం అందరికీ తెలిసిందే. భర్త ముఖం కందగడ్డయింది.

"ఇంట్లో మాట ఇంట్లో చెప్పాలి" అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంట్లో చెప్పి వారమైందండీ."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నడుం వంగదు గానీ నీళ్ళు తోడిపెడతానమ్మా అంటూ లేవబోయారు. పెద్దాయన లేస్తుంటే కూర్చోవడం బాగుండదని ఇంకో ఇద్దరు లేచారు. ఇక భర్తకి తప్పించుకునే దారి లేకపోయింది. మీరెందుకు, నేను చూసుకుంటానంటూ అక్కడే ప్యాంటు మడుచుకుని ఇంటివైపు నడిచాడు.

ఆమె వెంట వెళ్ళలేదు. ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది. ఇంటికెళ్ళాక ఎన్ని మాటలు పడాలో తెలుసు. ఎన్నాళ్ళు పడాలో కూడా తెలుసు. అలసటేమీ తగ్గలేదు. కూర్చున్నాక మోకాళ్ళ నొప్పి ఇంకా బాగా తెలుస్తోంది.

"ఎప్పట్నుంచమ్మా చేతులిలా?" అని మాస్టారు అడిగారు.

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. జవాబు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఆమె ఆలోచిస్తుండగా, తమ ఇంటి గేటు దగ్గర్నుంచి భర్త కేక వినిపించింది.

"ఏమోయ్, ఆ బ్రష్షు ఎక్కడుంటుంది?"

ఏది ఎక్కడుందని అడిగినా, అడగడం పూర్తికాకముందే లేచి వెళ్ళి చేతికందించడం ఆమెకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. ఒళ్ళు ఆ అలవాటుకొద్దీ కుర్చీలో కాస్త ముందుకి కదిలింది కూడా. ఆమె దాన్ని ఆపింది.

"వెతుక్కోండి" అని, మాస్టారి వైపు తిరిగి తన చేతుల సంగతి మొదటి నుంచీ చెప్పసాగింది.