చెవికి అందే వేగం

డాక్టర్లు గొంతు రికార్డు చేసి పంపే రిపోర్టులను టైపు చేసి ఇచ్చే ఆఫీసు అది. మూడో అంతస్తులో ఒక పొడవాటి గది, పదకొండు కంప్యూటర్లు. అన్నింట్లోనూ పదేళ్ళ నాటి ఆపరేటింగ్ సిస్టమే. దానికి ఇకమీదట భద్రతా అప్‌డేట్లు రావని తెలిశాక, కొత్త సిస్టమ్‌కు మారితే పని కుంటుపడుతుందేమో తేల్చి చెప్పమని మేనేజరు ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ను పిలిపించాడు.

“పాత ఒక రోత, కొత్త ఒక వింత అంటారు. నాకు ఆ రెండూ వద్దు, అంకెలు కావాలి” అన్నాడు.

టెస్టర్ ఒకే రకం కంప్యూటర్లు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో పాత సిస్టమ్, రెండోదాంట్లో కొత్తది ఎక్కించాడు. రెండు రోజులు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాడు. పాతది తెరుచుకోవడానికి యాభై రెండు సెకన్లు పట్టింది, కొత్తదానికి పద్నాలుగు. పెద్ద ఫైలు తెరవడంలోనూ, రికార్డింగులు కాపీ చేయడంలోనూ కొత్తదే ముందుంది. మెమరీ మాత్రం రెట్టింపు తింటోంది. ప్రతి పరీక్షా అయిదుసార్లు చేసి సగటు రాశాడు.

ఆ గదిలో కిటికీ పక్కన కూర్చునే టైపిస్టు అతని వదిన. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. కుడి చెవిలో డాక్టరు గొంతు, ఎడమ చెవిలో తను కొట్టే ప్రతి అక్షరాన్నీ పలికే కంప్యూటర్ గొంతు. అలా ఎనిమిదేళ్ళుగా ఆ ఆఫీసులో అందరికంటే తక్కువ తప్పులతో టైపు చేస్తోంది.

ముందు మూడు బల్లల మీద కొత్త సిస్టమ్ పెట్టి చూశారు. అందులో ఆమెదీ ఒకటి. రోజంతటికీ రెండో మూడో తప్పులు చేసే మనిషి ఆ రోజు నలభై ఒకటి చేసింది. చాలావరకు ఒకే అక్షరం రెండుసార్లు పడటమే.

“ఇది నత్తలా ఉంది మరిదీ” అంది సాయంత్రం.

“మూడింతల వేగం వదినా. నేనే కొలిచాను.”

“ఏం కొలిచావు?”

అతను కాగితం చదివి వినిపించాడు.

“తెరుచుకోవడం రోజుకోసారి. అక్షరం కొట్టడం వేల సార్లు. అది కొలిచావా?”

కొలవలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని అతను మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం, “కొత్త కదా, వారం పోతే అలవాటవుతుందిలే” అన్నాడు.

“కళ్ళు మూసుకుని ఇలా కూర్చో.”

కూర్చున్నాడు. ఆమె చెప్పిన వాక్యం కొట్టసాగాడు. ఒక అక్షరం నొక్కాడు, ఏమీ వినబడలేదు. నొక్కుడు పడలేదనుకుని మళ్ళీ నొక్కాడు. అప్పుడు రెండూ వరసగా వినబడ్డాయి. అర పేజీలో ఆరుసార్లు అలా అయింది. పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి అదే వాక్యం కొట్టాడు. అక్కడ వేలు తగలగానే గొంతు పలికింది.

తను ఆమెను తప్పుబట్టినందుకు అతనికి సిగ్గేసింది. మర్నాడు ఫోన్‌ను కీబోర్డు పక్కన పెట్టి, మీట చప్పుడునూ గొంతునూ కలిపి రికార్డు చేసి, రెంటికీ మధ్య ఎడం లెక్కకట్టాడు. పాతదాంట్లో సెకనులో వందో వంతులు ఆరు. కొత్తదాంట్లో ఇరవై ఆరు. కాగితంలో ఆ వరస కూడా చేర్చాడు.

“మీ వదినగారు కాబట్టి రాశారా ఇది?” అని అడిగాడు మేనేజరు.

“కాబట్టే వందసార్లు కొలిచాను.”

మేనేజరు పది కంప్యూటర్లు మార్పించి, ఆమెదొక్కటి పాతదే ఉంచాడు. భద్రత కోసం దానికి నెట్‌వర్క్ తీసేశారు. ఇక రికార్డింగులు పక్క బల్ల ఆవిడ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇవ్వాలి. ఆవిడ భోజనానికి వెళ్తే వదిన చేతులు ముడుచుకుని కూర్చునేది. తప్పులు మళ్ళీ రెండుకు, మూడుకు దిగాయి గానీ రిపోర్టుల సంఖ్య తగ్గింది.

“నాకు మేలే చేశావులే” అంది ఒకరోజు ఇంట్లో. “కానీ ఇదివరకు నా పని నా చేతుల్లో ఉండేది. ఇప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేస్తే గానీ నాకు పని లేదు.”

ఆ తర్వాత అతను ఆదివారాలు ఆ కొత్త సిస్టమ్ ముందే గడిపాడు. ఆలస్యంలో ఎక్కువ భాగం దానితో వచ్చిన కొత్త గొంతుదేనని తేలింది. మనిషి మాట్లాడినట్టు తియ్యగా పలకడానికి అది ముందుగా సిద్ధమవుతోంది. పాత గరగర గొంతేమో కొత్త సిస్టమ్‌లో ఎక్కలేదు. దాన్ని తయారుచేసినవాళ్ళకు తన కొలతలు జతచేసి రెండు ఉత్తరాలు రాశాడు. నాలుగో నెలలో ఆ గరగర గొంతునే కొత్త సిస్టమ్‌కు సరిపడేలా మార్చి పంపారు. ఎక్కించి కొలిస్తే ఎడం ఇరవై ఆరు నుంచి తొమ్మిదికి దిగింది.

ఆ కంప్యూటర్‌ను ఆమె బల్ల మీద పాతదాని పక్కన పెడితే, వదిన ఒక పేజీ కొట్టి చూసింది.

“రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టే ఉంది గొంతు.”

“అప్పటి తియ్యటి గొంతే కావాలంటే అదీ ఉంది.”

“పాట కచేరీకా? వెంటనే పలుకుతోంది, చాలు.” ఇంకో పేజీ కొట్టాక అంది, “ఫైలు కూడా చప్పున తెరుచుకుంటోంది. నీ కాగితం అబద్ధమేం చెప్పలేదు, సగమే చెప్పింది. ఆ పాతదాన్ని ఇక తీసెయ్యమను, బల్ల మీద చోటు చాలట్లేదు.”

ఆ రోజు ఆమె మునుపటికంటే ఎక్కువగా, పందొమ్మిది రిపోర్టులు పూర్తి చేసింది. సూపర్‌వైజరు ఒక్కటి వెనక్కి తెచ్చి, “మొదట్లో ఎడమ మోకాలు అని ఉంది, చివర్లో కుడి మోకాలు” అంది.

వదిన ఆ రికార్డింగు మళ్ళీ విని, హెడ్‌ఫోన్ తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

“డాక్టరుగారు అలాగే చెప్పారు. ఫోన్ చేసి ఏ కాలో కనుక్కోండి. ఆపరేషన్ రేపేనట.”