రెప్పపాటు

ఊలు వాసన.

డిసెంబరు ఎండకు వేడెక్కిన కొత్త ఊలు వాసన... కాస్త గొర్రె, కాస్త కలరా ఉండలు.

ఊళ్ళో పండరీ పేట దగ్గర ఏటా చలికాలంలో వెలిసే స్వెటర్ల బజారులో భీమారావు నిలబడ్డాడు. గూడ్సు బండి లోకో పైలట్. ఇరవై ఏళ్ళ సర్వీసు. నెల రోజులుగా ఇంజనెక్కలేదు.

నెల కిందట, మందిర్ హసౌద్ స్టేషను దాటాక, పట్టాల మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

హారన్ కొట్టాడు. బ్రేకు వేశాడు. యాభై ఎనిమిది పెట్టెల బొగ్గు బండి... ఆగమంటే ఆగుతుందా?

తప్పు నీది కాదన్నారు. ఆఫీసులో అన్నారు, పోలీసులన్నారు. భార్య భాగ్యశ్రీ అయితే రోజుకు పదిసార్లు అంది.

మందు కూడా అందరూ ఒకటే చెప్పారు. కళ్ళు మూసుకో.

"ఏటండీ, అలా గోడకేసి చూస్తారు? కాసేపు కళ్ళు మూస్కోండి, దిమాగ్ శాంత్ అవుద్ది."

పాపం, ఆవిడకేం తెలుసు. మూసుకుంటే చీకటి. ఆ చీకట్లో హారన్.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మింగేసిన సంగతి.

ఆ చివరి క్షణంలో ఆ మనిషి తలెత్తి చూశాడు. భీమారావు కళ్ళు మూసుకున్నాడు.

ఒకడు తన ఆఖరి చూపు నీ మీద నిలిపితే నువ్వు చూడలేదు. వాడి ముఖం కూడా నీకు తెలియదు. ఇదీ నెల రోజులుగా అతన్ని తింటున్న సిగ్గు.

"బేటా, కొంటావా, పట్టుకునే నిలబడతావా?"

మైన్‌పాట్ కొండల నుంచి ఏటా వచ్చే టిబెటన్ ముసలమ్మ, యాంగ్‌చెన్. అప్పుడు చూసుకున్నాడు, చేతిలో స్వెటర్.

ఎందుకో ఆమెకు చెప్పేశాడు. పరాయి మనిషి కదా. పైగా హిందీ... తెలుగులో ఆ మాట గొంతు దాటదు.

ముసలమ్మ ఓదార్చలేదు. "తో అబ్ క్యోం బంద్ కర్తే హో?" అంది. మరి ఇప్పుడెందుకు మూస్తున్నావని.

వాళ్ళ ధ్యానానికి కళ్ళు మూయక్కర్లేదట. జోగ్‌చెన్ అంటారట. ఆకాశం కేసి ఊరికే కూర్చోవాలి. వచ్చింది రానివ్వాలి. పట్టుకోవద్దు, తరమొద్దు.

"దుకాణానికి ఎంతమందో వస్తారు. చూస్తారు, తడుముతారు, పోతారు. అందుకని షట్టర్ దించేస్తానా?"

ఊరికే కూర్చోవడం! మన ఇళ్ళల్లో అది తిట్టు కదా.

అయినా కూర్చున్నాడు. రైల్వే క్వార్టర్ డాబా మీద, రోజూ పొద్దున్నే.

"ఖాళీగా కూచున్నారు కదా, సబ్జీ అయినా తెండి," అని కింద నుంచి భాగ్యశ్రీ.

ఇంజనులో సిగ్నల్ కనబడితే పైకి చదవాలి. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

"మబ్బు," అన్నాడు.

"పిట్ట."

"పొగ."

పదో రోజున ఆ మనిషి వచ్చాడు. ముఖం లేకుండానే వచ్చాడు.

"మనిషి," అన్నాడు భీమారావు.

పట్టుకోలేదు. తరమలేదు.

వచ్చినవాడు ఉన్నంతసేపు ఉన్నాడు. చూస్తున్నదెవరా అని వెతికితే ఎవరూ దొరకలేదు... చూపు మాత్రం ఉంది, అంచు లేకుండా. బాధ ఎక్కడికీ పోలేదు. దానికి చోటు చాలింది, అంతే.

జనవరిలో డ్యూటీ ఎక్కాడు. అదే లైను. విశాఖ వైపు బొగ్గు బండి. పక్క సీట్లో అసిస్టెంటు వీరేంద్ర.

మందిర్ హసౌద్ దాటింది.

"గ్రీన్," అన్నాడు వీరేంద్ర.

"గ్రీన్."

ఆ చోటు వస్తోంది. రెప్పలు వాటంతటవే బరువెక్కాయి... ఇన్ని రోజులూ, డాబా, ఆకాశం, అన్నీ ఇక్కడ తేలాలి.

పట్టాల పక్కన ఒక ఆడమనిషి. నెత్తిన కట్టెల మోపు. బండి పోతే దాటుదామని ఆగింది.

తలెత్తి అతన్ని చూసింది.

చూశాడు.

నలభై ఉంటాయి. ఎడమ చెంప మీద మచ్చ. పెదవి మీద చెమట. ఎవరో ఏమో... ఆ చచ్చిపోయినవాడికి ఏమైనా అవుతుందో, ఏమీ కాదో. ముఖమంతా చూశాడు. ఒక మనిషి ముఖం ఇంత ఉంటుందని ఇన్నేళ్ళ సర్వీసులో తెలియలేదు.

ఇంజను ఆమెను దాటేసింది.

"సర్, తబియత్ ఠీక్ హై?" అన్నాడు వీరేంద్ర, ఒంట్లో బాగానే ఉందా అని.

అద్దంలోంచి ఎండ. పట్టాలు నీళ్ళల్లో ఉన్నట్టు కదులుతున్నాయి.

తుడుచుకోవాలంటే కళ్ళు మూయాలి.

మూయలేదు.