ఖాళీ అని రాసిన గంటలు

హార్బరు దగ్గరి సరుకు రవాణా కంపెనీలో కంప్యూటర్లన్నీ జయరామ్ చేతిమీదే నడిచేవి. కన్యక అదే ఆఫీసులో గుమాస్తా. తొంభై ఎనిమిదిలో, వాళ్ళిద్దరి పెండ్లి మాట ఇళ్ళల్లో దాదాపు ఖాయమైన రోజుల్లో, మేనేజరు ఆనందన్ ఆమెను పిలిచాడు.

"జయరామ్ పొద్దస్తమానం ఏం చేస్తాడో నాకు అంతుబట్టడం లేదమ్మా. కొన్నాళ్ళు పక్కన కూర్చుని, ఏ పనికి ఎంతసేపు పడుతుందో రాసివ్వు."

కన్యక పొంగిపోయింది. అతని కష్టం పైవాళ్ళ కంట పడుతుందని ఆమె ఆశ.

ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే రాసింది. ఎవరో పాస్‌వర్డ్ మరిచిపోతే రాసింది. మిగతా వేళల్లో ఫోను మోగేది కాదు.

"ఇప్పుడేం రాసేది?" అనడిగింది.

జయరామ్ నవ్వాడు. "ఖాళీ అని రాయి. ఏదీ చెడిపోకుంటే నాకేం పని ఈడ?"

ఆదివారాలు కూడా వచ్చి అతను ప్రతి మెషీనూ విప్పి దుమ్ము దులిపి పోతాడని ఆమెకు తెలుసు. అయినా నవ్వుతూనే 'ఖాళీ' అని రాసింది.

నెల తిరక్కుండానే జయరామ్ ఉద్యోగం పోయింది. రిపేరు వచ్చినప్పుడు బయటి మనిషిని పిలిపిస్తే చాలన్నారు.

కన్యక ఆనందన్ గదిలోకి పరుగెత్తింది. "ఏవీ చెడిపోకుండా ముందే చూసుకుంటాడు సార్. అందుకే ఫోన్లు రావు!"

"ఆ ముక్క నువ్వు రాయలేదే," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

ఆ సాయంత్రం ఆమె తొండియార్‌పేటలో జయరామ్ ఇంటికి పోయింది. అతని తల్లి అలమేలు కాఫీ తెచ్చి పెట్టి, పలకరించకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

"నన్ను తిట్టు జయరామ్," అంది కన్యక.

"ఎందుకు తిట్టేది? ఖాళీ అని రాయమన్నది నేనే గదా." అతను తల వంచుకున్నాడు. "నీమీద కోపం లేదు కన్యకా. కానీ నువ్వు ఎదురుగా ఉంటే ఊరికే కూర్చోడానికి భయంగా ఉండాది. కట్టుకున్నదాని ముందు అట్లా బతికేదెట్లా, చెప్పు?"

కాఫీ చల్లారిపోయింది.

తర్వాత అతనికి కోయంబత్తూరులో పని దొరికింది. బయల్దేరే ముందు చెప్పి పోతాడేమోనని ఆమె ఎదురుచూసింది. రైలెక్కేశాడని వేరేవాళ్ళ నోట విని, మాధవరం బస్సులో కిటికీ పక్క సీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇల్లు చేరేదాకా ఏడ్చింది.