ఖాళీలు తీసేసిన పాట

కోరుట్ల చర్చిలోని పాత పైపు ఆర్గాన్‌ను మా నాన్న సామేలు ముప్పయ్యేళ్లు వాయించాడు. ఆయన చేతులు వణకడం మొదలవగానే, దుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చిన నేను దానికి కంప్యూటర్ తగిలించాను. నాన్న వాయించింది అందులో రికార్డయ్యేది. తర్వాత మీటలు ఎవరూ నొక్కకుండానే ఆర్గాన్ అదే పాట వాయించేది.

సకల జనుల సమ్మెతో బస్సులు బందైన రోజుల్లో నాన్న పోయాడు. పక్క మండలం ఇబ్రహీంపట్నం నుంచి జనం నడిచొచ్చారు. శవపెట్టె పక్కన నిలబడి, ఆయన వాయించిన పాటే పెట్టాను.

మా చర్చిలో చదువురానివాళ్ల కోసం రాజక్క ఒక్కో చరణం ముందు చెబుతుంది, తర్వాత అందరూ పాడతారు. ఆరోజు ఆమె రెండో చరణం చెబుతుండగానే ఆర్గాన్ మూడోది అందుకుంది. ఒక్కొక్కరే పాడడం ఆపేశారు.

"మీ నాయిన నేను చెప్పేదాంక ఆగేటోడు గద సాగరూ," అంది రాజక్క. "గిదెందుకు ఆగుతలేదు?"

చరణాల మధ్య ఏ మోతా లేని చోట్లన్నీ ఉత్త ఖాళీలనుకుని, ముందురోజు రాత్రి కంప్యూటర్లో నేనే కత్తిరించాను. తెలివి!

ముప్పయ్యేళ్లలో ఎన్నడూ ఆయన వాళ్లను వదిలి ముందుకు పోలేదు. పెట్టెలో పడుకున్నాక, నేను ఆయన చేత ఆ పని చేయించాను.