రెండో గేరు

ఆ ఇంట్లో మోటారు సైకిలు గురించి మాట్లాడే హక్కు ఒక్కరికే ఉంది, మొగుడుగారికి. పదిహేనేళ్ళుగా నడుపుతున్నాడు కాబట్టి లోకంలో మిగతావాళ్ళంతా బండ్లు తోసుకుంటూ వెళ్తున్నారని ఆయనగారి నమ్మకం. బాగానే నడుపుతాడు, అబద్ధమెందుకు? నిలుపుకోలేనిది ఉద్యోగమే. ఎక్కడ చేరినా మూడో నెలకల్లా యజమానితో మాటామాటా పెరిగి ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఇప్పుడూ అలాగే కూర్చుని ఉన్నాడు.

ఆమెది కొరియరు ఆఫీసులో పని. కిటికీ లేని వెనక గదిలో తొమ్మిదేళ్ళుగా పార్సిళ్ళు వీధుల వారీగా విడదీసి సంచుల్లో సర్దుతోంది. సెలవురోజుల్లో ఆ వీధులన్నీ కాలినడకన తిరిగి చూసొచ్చేది. ఎందుకే ఈ తిరుగుడు అని అక్క వేళాకోళం చేస్తే, "ఎప్పుడో పనికొస్తుందిలే" అనేది.

ఆ రోజు వచ్చింది. బండి మీద పార్సిళ్ళు ఇచ్చొచ్చే మనిషి మానేశాడు. మేనేజరు ఆమెను పిలిచి, "ఇక నుంచి నువ్వే వెళ్ళమ్మా. కాకపోతే మనది గేర్ల బండి. నెలాఖరుకల్లా లైసెన్సు తెచ్చుకో. లేకపోతే బయటివాళ్ళని తీసుకోక తప్పదు" అన్నాడు.

ఆ సాయంత్రమే ఊరి చివర ఖాళీ రోడ్డు మీద పాఠాలు మొదలయ్యాయి. ఆమె ముందు, ఆయన వెనక. క్లచ్ పట్టుకోవడం, కాలి మునివేళ్ళతో గేరు పైకెత్తడం రెండ్రోజుల్లో పట్టుబడ్డాయి. ఎప్పుడు ఎత్తాలన్నదే అసలు విద్య. దాన్ని ఆయన తన దగ్గరే దాచుకున్నాడు. భుజం మీద ఒకసారి తడితే పై గేరు, రెండుసార్లు తడితే కింది గేరు. తట్టకముందే వేసిందా, వీపు మీద చరుపు.

"నేను చెప్పానా? ఎవర్నడిగి వేశావు?"

"ఎప్పుడు మార్చాలో మీకెలా తెలుస్తుందండీ?"

"అవన్నీ నీకెందుకు? నేనున్నానుగా."

మూడో వారంలో ఆమె తెగించి అడిగేసింది. "మీరు తడుతూ ఉంటే నేనెప్పటికి నేర్చుకుంటానండీ? ఒక్కసారి దిగండి. ఆ చివరిదాకా ఒక్కదాన్నే వెళ్ళొస్తాను."

"ఆహా! గోతిలో పడితే బండినీ నిన్నూ ఎవరు మోసుకొస్తారు?" అని పకపకా నవ్వాడు. దిగలేదు.

పరీక్షరోజు మైదానంలో వెనక సీటు ఖాళీ. ఆయన గేటు బయటే ఉండిపోయాడు. మొదటి గేరులో బండి కదిలింది, ఎప్పుడూ లేనంత తేలిగ్గా. ఇంజను గొంతు పెరిగింది. ఇంకా పెరిగింది. గోల పెట్టింది. కాలి వేళ్ళు సిద్ధంగానే ఉన్నాయి, భుజం మాత్రం తట్టు కోసం ఎదురుచూస్తోంది. సున్నపు గీత దాకా అలాగే వెళ్ళి, కంగారులో క్లచ్ పట్టకుండా బ్రేకు తొక్కేసింది. బండి ఓ కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కాగితం మీద అడ్డగీత కొడుతూ. "బండి అంతలా మొత్తుకుంటుంటే వినపడలేదా? మొత్తుకుంటే పై గేరు, మూలిగితే కింది గేరు. అంతేగా! వచ్చే నెల రా, పో."

అంతేగా! ఆ ముక్క నెలరోజుల్లో ఒక్కసారైనా చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మేనేజరు ముందు ఆమె తల దించుకుని నిలబడితే, పక్కన ఆయనగారు నున్నగా దువ్వుకుని నిలబడ్డాడు.

"దానికెక్కడొస్తుంది లెండి. నాకు లైసెన్సుంది, నేను చేరతాను."

మేనేజరుకు కావలసింది లైసెన్సే. "సరే, వీధులు తెలిసేదాకా ఓ వారం ఆమెను వెంట తీసుకెళ్ళు. తర్వాత ఆమె లోపలి పని చూసుకుంటుంది" అన్నాడు.

బయటికి రాగానే ఆయన, "ఉద్యోగం మనింట్లోనే ఉందిగా, ఎవరు చేస్తే ఏం? ఆ ఏడుపు మొహం తీసెయ్" అన్నాడు. ఆమె ఏడవలేదు. బండి తాళం ఆయన చూపుడువేలి మీద గిరగిరా తిరుగుతుంటే చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. హెల్మెట్లో మాట వినపడదట, ఎటు తిరగాలో ఆ వైపు భుజం తట్టమన్నాడు. ఆమె ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. ఇంజను మొత్తుకోగానే చెప్పులో ఆమె ఎడమ కాలి వేళ్ళు పైకి లేచాయి. ఆ తర్వాతే ఆయన కాలు కదిలింది. మళ్ళీ అంతే. ఎత్తు ఎక్కుతూ బండి మూలిగితే వేళ్ళు కిందికి నొక్కాయి, అప్పుడు ఆయన గేరు దించాడు. ఒక్కటీ తప్పిపోలేదు. ఈపాటి విద్యకా నెలరోజులు వీపు అప్పగించింది!

నాలుగు వీధుల కూడలి వచ్చింది. ఆమె చేతులు సంచి మీదే ఉన్నాయి. ఆయన వేగం తగ్గించాడు. ఎడమ భుజం ఎగరేశాడు, కుడి భుజం ఎగరేశాడు. చివరికి కూడలి నడిమధ్య ఆపేశాడు. వెనక హారన్లు మోతెక్కిపోయాయి.

"ఏమే, నిద్రపోతున్నావా? తట్టవేం?"

ఆమె దిగింది. సంచి తీసి ఆయన ముందు, పెట్రోలు ట్యాంకు మీద పెట్టింది.

"నేను తడుతూ ఉంటే మీరెప్పటికి నేర్చుకుంటారండీ?"

అని వెనక్కి తిరిగి నడిచింది. ఎక్కడికి, ఆ కిటికీ లేని గదికే. రేపటి సంచి కూడా ఆమే సర్దాలి. పది అడుగులు వేసిందో లేదో, వెనకనుంచి బండి మోత వినపడింది. ఆయన ఏదో ఒక వీధిలోకి దూరిపోయాడు. కోపంలో గేరే మరిచిపోయాడు, బండి మొదటి గేరులోనే మొత్తుకుంటోంది.

నడుస్తున్నదల్లా ఆగింది. చెప్పులో ఎడమ కాలి వేళ్ళు సరిగ్గా సమయానికి పైకి లేచాయి. వాటి పైన గేరు లేదు.