బొమ్మలో పట్టుబడ్డ గుర్రం

చిత్రకారుడు టెస్సియే గారికి మనిషి ముక్కు వంకరైతే బొమ్మలోనూ వంకరగానే ఉండాలి. పారిస్ నుంచి వచ్చి మా కొట్టం పక్క గదిలో దిగాడు. మా ఇంట్లోనే నల్ల గోధుమ అట్లు తింటూ, ఆ వేసవంతా ఊరివాళ్ళందరినీ ఒకే పెద్ద బొమ్మలో వేస్తూ కూర్చున్నాడు. మొహం మీద పులిపిరి తీసెయ్యమని మహరీట్ పిన్ని ఎంత పోరినా వినలేదు. "కంటికి కనబడనిది నా బొమ్మలోకి రాదు, కనబడింది పోదు" అనేవాడు. ఆ మొండితనం చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఆగస్టు మొదటి శనివారం సాయంత్రం చర్చి గంట ఆగకుండా మోగింది. ఎవరి గడ్డివామో అంటుకుందనుకుని బకెట్లతో పరిగెత్తాం. తీరా వెళితే జర్మనీతో యుద్ధం వస్తోందట, వయసులో ఉన్న మగవాళ్ళంతా బయలుదేరాలట. బకెట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాం. నా తమ్ముడు తాంగి బుధవారం రైలెక్కాలి.

మర్నాడు టెస్సియే గారు మమ్మల్నందరినీ మా వాకిట్లోకి పిలిచాడు. గంట మోగినప్పుడు ఎలా నిలబడ్డామో అలాగే నిలబడమన్నాడు. మధ్యలో తాంగి, వాడి చేతిలో మా గుర్రం మెలెన్ పగ్గం. పొలం నుంచి గుర్రంతో సహా వచ్చేశాడు కదా ఆ రోజు.

"ఏడుపొస్తే ఆపుకోకమ్మా కాటెల్" అన్నాడు నాతో.

"మీ రంగుల కోసం నేనేడవను. త్వరగా కానివ్వండి, నాకవతల పనుంది."

పని ఉన్నమాట నిజమే. గోధుమ చేను కోతకొచ్చింది. నాన్న నడుము వంగిపోయి చాలా కాలమైంది. అమ్మ పోయినప్పుడు తాంగి పాలు తాగే పిల్లాడు, ఎత్తుకుని పెంచింది నేనే. వాడు వెళ్ళాక మాకు దిక్కు ఆ గుర్రమొక్కటే, అదీ లేకపోతే పంట చేలోనే కుళ్ళిపోతుంది.

సోమవారం పొద్దున, సైన్యం గుర్రాలనూ పట్టుకుపోతోందని తెలిసింది. మెలెన్‌ని సర్కారు గుర్రాల లెక్క రాసుకోవడం అయిపోయాక సంతలో కొన్నాం, దాని పేరు ఏ కాగితం మీదా లేదు. రాళ్ళ గని వెనక ఓక్ చెట్ల తోపులో దాచేశాం. తాంగి గడ్డి మోసుకెళ్ళి వేసి వచ్చేవాడు. నాకు మాత్రం ఒక చోట కాలు నిలవలేదు. బండి చప్పుడైతే చాలు గుమ్మంలోకి పరిగెత్తాను. పాలు పొంగిపోయాయి, రొట్టె మాడిపోయింది, ఏ పాపమూ ఎరగని కుక్కను తిట్టాను.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు సిపాయిలతో అధికారి రానే వచ్చాడు, వెనకే ఊరి జనమూ. కొట్టంలో ఆవు తప్ప ఏమీ లేదు. హమ్మయ్య అనుకునేలోపే వాకిలి గోడ వైపు తిరిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బొమ్మ అక్కడే ఆరబెట్టి ఉంది! మెలెన్ నుదుటి మీద తెల్లచార, తెల్లటి ఎడమ ముంగాలు, చివరికి నేను అతుకు వేసిన పగ్గంతో సహా అన్నీ ఉన్నాయి అందులో. దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాలని మాలో ఎవరికీ తట్టలేదు.

అధికారి వేలు పెట్టి చూశాడు. రంగు అంటుకుంది.

"ఇంకా తడిగానే ఉందే. ఎక్కడిదీ గుర్రం?"

టెస్సియే గారు కుంచె తుడుచుకుంటూ లేచాడు. ఈ మనిషి పులిపిరినే వదల్లేదు!

"అబ్బే, అలాంటి గుర్రమేదీ లేదండీ. మధ్యలో బోసిగా ఉందని ఊహించి వేశాను" అన్నాడు. మొహం మాత్రం కందగడ్డలా అయింది.

"చూశారా అన్యాయం! నా పులిపిరి తీసెయ్యమంటే తియ్యడు గానీ, లేని గుర్రాన్ని మాత్రం తగిలిస్తాడు!" అని మహరీట్ పిన్ని అందుకుంది.

అధికారి నవ్వేశాడు. "మరి పగ్గం పట్టుకున్న ఈ కుర్రాడో? వీడూ ఊహేనా?"

అందరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. టెస్సియే గారి వైపు చూశాను. అవునని చెప్పవయ్యా, ఇంకొక్క అబద్ధమాడు, అని మనసులో మొత్తుకున్నాను. ఆయన నా మొహం చూసి ఏదో అనబోయాడు.

"నేను నిజమేనండీ, రేపే నా రైలు" అంటూ తాంగి జనం వెనక నుంచి ముందుకొచ్చాడు. అధికారి వాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

వాళ్ళు మలుపు తిరగగానే తాంగి చెయ్యి పట్టుకున్నాను. "ఒరేయ్, నా మాట విను. మెలెన్ దగ్గరే నువ్వూ ఉండిపో. రొట్టె తెచ్చి పెడతాను."

"నేనేమన్నా గుర్రాన్నా అక్కా, దాచిపెట్టడానికి?" అని నవ్వుతూ తోపుకెళ్ళి మెలెన్‌ని ఇంటికి తోలుకొచ్చాడు. పొద్దున్నే వెళ్ళిపోయాడు.

ఆ ఏడు పంట గింజ పోకుండా ఇల్లు చేరింది. మెలెన్ మా కొట్టంలోనే ముసలిదైంది, తాంగి మాత్రం తిరిగి రాలేదు. మేత వేసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. గుర్రాన్నెలా దాచాలా అని ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాం. తాంగి ఆ తోపులోకి వెళ్ళిన ప్రతిసారీ, త్వరగా తిరిగి రారా అనే చెప్పి పంపాను.