తేట నిమ్మరసం

పిండకూడదు, ఎంత ఆలస్యమైనా సరే గుడ్డని పిండకూడదు, దానంతట అదే దిగాలి, అన్నయ్య పెట్టిన షరతు అదొక్కటే, మిగతావన్నీ నువ్వెలా చేసినా సర్దుకుంటాయి కానీ ఇక్కడ చెయ్యి పెట్టావో అంతా బురదే అనేవాడు, పెట్టాను, పొద్దున మొదటి విడతలో కాసేపు చూసి ఓపిక లేక గుడ్డ మూటని రెండు చేతులా పట్టుకుని ఒక్క పిండు పిండాను, గిన్నెలోకి తెల్లగా మబ్బులా ఏదో జారింది, అంతే, అన్ని నిమ్మకాయలూ సింకుపాలు, నా చేతులకు అలవాటైంది అదే మరి, తడిబట్టలు పిండటం, నేల తుడిచిన గుడ్డ పిండటం, ల్యాబ్‌లో సూది గుచ్చాక రక్తం రాకపోతే పిడికిలి బిగించండి, ఇంకా బిగించండి అని ఎదుటివాళ్ళ చేత కూడా పిండించడం, అందుకే ఇప్పుడు రెండో విడతని జల్లెడలో గుడ్డ పరిచి అందులో పోసి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను, చుక్క, కాసేపటికి ఇంకో చుక్క, మధ్యలో ఫ్రిజ్ గుర్రుమంటోంది, సాయంత్రం వస్తాం అంది వదిన, వస్తాను అనలేదు, వస్తాం అంది.

ఆ చివరి సున్నా దగ్గరే నా మనసు చిక్కుకుపోయింది, ఇంతకాలం వెళ్దాం, తిందాం, ఇంక పడుకుందాం అన్నప్పుడల్లా ఆ సున్నాలో ఉన్నది తనూ నేనూ, ఇప్పుడు అందులో ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు, లిఫ్టాయన, పేరు చెప్పింది కానీ నా నోటికి లిఫ్టాయనే వస్తుంది, వదిన కర్టెన్ల షాపున్న బిల్డింగులో లిఫ్టు ఆగిపోయి తను లోపల ఇరుక్కుంటే, అవతల నిలబడి భయపడకండి, తలుపు లాగకండి, నేనిక్కడే ఉన్నాను అని కబుర్లు చెబుతూ బాగుచేసిన మెకానిక్కు, భార్య పోయి చాలా కాలమైందట, ఇద్దరు చెల్లెళ్ళట, వచ్చే నెల వాళ్ళిద్దరి పెళ్ళి, పెళ్ళంటే రిజిస్ట్రారాఫీసులో సంతకాలేలేవే, అయినా నువ్వు ఆయన్ని చూశాకే ఏదైనా, మీ అన్నయ్య చేసేవాడే ఆ నిమ్మకాయ కార్డియల్, అది చెయ్యవే మరదలు పిల్లా, సోడాలో కలుపుకుని కొంచెం జిన్ను పోసుకుందాం అని నవ్వింది, ఆ నవ్వు ఎంత బాగుందో, అదే నా బాధ, అన్నయ్య పోయాక అంత తేలిగ్గా నవ్వి మూడేళ్ళయింది తను, సరే వదినా అని ఫోన్ పెట్టేశాక ఆ మాట గదిలో అలాగే నిలబడిపోయింది, ఇంకెన్నాళ్ళు పిలుస్తాను అలా, అన్నయ్య భార్య కాబట్టి వదిన, రేపు ఇంకొకరి భార్యయ్యాక ఆ చెల్లెళ్ళిద్దరూ పిలుస్తారు వదినా అని, వాళ్ళకి హక్కు, పోనీ వదిన అనే మాట పోతే పోయింది, నన్ను మరదలు పిల్లా అనే మనిషి పోతుందే, నలభై ఆరేళ్ళ దాన్ని పట్టుకుని పిల్లా అనేది ఈ భూమ్మీద ఒక్కర్తే, ల్యాబ్‌లో నేను సిస్టర్‌ని, అద్దె తీసుకునేవాళ్ళకి మేడమ్‌ని, పక్క ఫ్లాటులో వాళ్ళకి ఆ చివరింటావిడని, ఎవరికీ ఏమీ కాను.

చుక్క, గిన్నెలో ఇప్పుడిప్పుడే కాస్త చేరుతోంది, పక్కన సీసాలో నిమ్మ తొక్కలు చక్కెరలో నాని తడిసి ముద్దయ్యాయి, మూత తీస్తే చాలు వంటిల్లంతా వాసన, అన్నయ్య వాసన అనబోయాను, నిజంగా అంతే, పెద్ద హోటల్లో బార్‌టెండరు, వారమంతా ఊరివాళ్ళకి కలిపిచ్చి సెలవు రోజున మా వంటింట్లో నిమ్మకాయలతో కుస్తీ పట్టేవాడు, ఏంట్రా ఈ సిరప్ అంటే కోపం, సిరప్ దగ్గుకి తాగుతారే, దీన్ని కార్డియల్ అనాలి, తొక్కల నూనెని చక్కెర లాగేస్తుంది, అందులో తేట రసం కలిపితే గ్లాసులో ఏముందో కూడా తెలియదు, అదీ గొప్ప, ఆ తేట కోసం రసాన్ని గడ్డకట్టించే అగర్ పొడి, ల్యాబ్‌లో మేం క్రిముల్ని పెంచే పళ్ళేల్లో పోసేదీ అలాంటిదేనని నేను చెప్పిన రోజు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఒసేయ్ నువ్వు క్రిములకి పెడుతున్నావు, నేను తాగేవాళ్ళకి పెడుతున్నాను, ఇద్దరిదీ ఒకటే వంట, మీ ల్యాబ్‌లో రక్తం తిప్పే మిషను ఒక్క పూటకి తీసుకురావే, ఈ రసం అందులో తిప్పితే చిటికెలో తేటైపోతుంది అని బతిమాలేవాడు, ఉద్యోగం ఊడుతుందిరా అనేదాన్ని, సరే అయితే మన తంటాలు మనం పడదాం అని పొడిని నీళ్ళలో మరిగించి, రసాన్ని అందులో కొంచెం కొంచెంగా కలిపి, గిన్నెని ఐసు ముక్కల మీద పెట్టేవాడు, పలుచగా గడ్డకట్టాక గరిటెతో కదిపితే విరిగిన పాలలా విడిపోయేది, గుడ్డలో పోసి ఇంక కూర్చోవే, మడ్డి పైన ఉంటుంది, నీరు కిందికి దిగుతుంది, ఊరికే చూడు, తేరుకోనీ అనేవాడు.

తేరుకోనీ, అన్నయ్య నిమ్మరసాన్ని అన్న మాటే అన్నయ్య పోయాక అందరూ నన్ను అన్నారు, కౌంటర్ వెనక ఐసు తీస్తూ తీస్తూ కూలబడిపోయాడు, మళ్ళీ లేవలేదు, ఆ వారం నుంచే మొదలుపెట్టారు, తేరుకోవాలమ్మా అని మా డాక్టరుగారు, తేరుకోండి సిస్టర్ అని రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, ఎలాగో మాత్రం ఒక్కరూ చెప్పరు, వదినా నేనూ రోజూ సాయంత్రం ఫోన్లో కూర్చునేవాళ్ళం, మొదట్లో ఇద్దరం ఏడ్చేవాళ్ళం, తర్వాత నేను ఏడిస్తే తను వినేది, ఆ తర్వాత తను కర్టెన్ల కబుర్లు ఎత్తేది, ఎవరో ఎర్రటి ముఖమల్ అడిగారట పడగ్గదికి, సినిమా హాలనుకున్నారో ఏమో అని, నేను మళ్ళీ అన్నయ్య దగ్గరికి లాక్కొచ్చేదాన్ని, గుర్తుందా వదినా అంటే ఊఁ అనేది, ఇంకా గుర్తుందా అంటే ఊఁ ఊఁ అనేది, మొన్న ఒకరోజు అడిగేశాను, మరిచిపోయావా వదినా వాణ్ణి అని, మెల్లగా, ఏదో తప్పు చేసినదానిలా, తేరుకున్నానే అంది, చెంప మీద కొట్టినట్టయింది నాకు, తేరుకోవడమంటే ఇదా, మడ్డినంతా గుడ్డలో వదిలేసి తను మాత్రం చల్లగా కిందికి దిగిపోవడమా, అయితే ఈ గుడ్డలో మిగిలినదాన్ని నేనేనేమో, ఎంత చూసినా తెల్లగా, ముద్దగా, దేనికీ పనికిరాకుండా.

పైగా ఆయన్ని ఏమని పిలవాలి, దానికొక్కదానికే నాకు సగం నిద్ర పోయింది, వరస చూస్తే వదిన మొగుడు అన్నయ్యే కదా, ఆ వరస గుర్తొచ్చి ఒళ్ళు మండింది, ఒకప్పుడు నాకు ఊరంతా అన్నయ్యలే, కొళాయి బాగుచేసేవాడు అన్నయ్య, పళ్ళ బండతను అన్నయ్య, సూది చూసి వణికే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు కూడా, ఒక్క క్షణం కళ్ళు మూసుకోండి అన్నయ్యా, చీమ కుట్టినట్టుంటుంది అంతే, అలా ఎంతమందిని అన్నానో లెక్కే లేదు, అసలైనవాడు పోయాక ఆ మాట గొంతు దాటి రావడం మానేసింది, సార్ అంటున్నాను, ఇదిగోండి అంటున్నాను, నిన్న నిమ్మకాయలు కొంటూ ఏవండీ, పలుచటి తొక్కవి ఇవ్వండి అంటే పళ్ళ బండతను బిత్తరపోయాడు, ఇదేంటమ్మా, ఎప్పుడూ అన్నయ్యా అనేవారు, ఇప్పుడు ఏవండీ అంటారేంటి, మా ఆవిడ వింటే నా కొంప మునుగుతుంది అన్నాడు, బండి దగ్గర ఉన్నవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుకుంటూనే ఇంటికొచ్చి సంచీ కింద పెట్టి తలుపుకి ఆనుకుని చాలాసేపు ఏడ్చాను, ఎందుకని అడిగే దిక్కు కూడా లేదు, కాళ్ళు నొప్పెట్టాక లేచి నిమ్మకాయలు కడిగాను.

దిగింది, గిన్నెలో నిజంగానే దిగింది, ఒక గ్లాసులోకి పోసి వెలుగులో చూద్దామని కిటికీ పక్క బల్ల మీద పెట్టాను, అవతలి గోడ, గోడ మీది పగులు, తాడు మీద ఆరేసిన ఎవరిదో నీలం చొక్కా అన్నీ అందులోంచి కనిపించాయి, చూశావా అన్నయ్యా అనబోయాను, బెల్ మోగింది, ఇంతలోనే, జుట్టు కూడా దువ్వుకోలేదు, తలుపు తీస్తే వదిన రొప్పుతూ, ఏమే మరదలు పిల్లా, మీ లిఫ్టుకి ఏం మాయరోగమొచ్చింది, ఈయన్ని తీసుకొచ్చే రోజే ఆగాలా అంటోంది, వెనకాల లిఫ్టాయన, నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చిన లిఫ్టాయన, చేతుల్లో సోడా సీసాలు, నుదుటి మీద చెమట, గోళ్ళ చివర ఎంత తోమినా పోని నల్లటి గ్రీజు గీత, నమస్తే అమ్మా, రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను దాని సంగతి అన్నాడు, అన్నయ్యలా పొడుగు కాదు, అన్నయ్యలా గొంతెత్తి మాట్లాడడు, అన్నయ్యలా ఏమీ లేడు, ఎందుకో అది కూడా నచ్చలేదు నాకు, కూర్చోండి అన్నాను, అండీ అంటించి బతికిపోయాను, వదిన ముఖం కడుక్కోవడానికి బాత్రూములోకి వెళ్ళింది, ఇంక గదిలో ఆయనా నేనూ.

కొంచెం మంచినీళ్ళు, ఇవి తీసుకోనా అమ్మా అంటూ ఆయన చెయ్యి బల్ల మీది గ్లాసు వైపు వెళ్ళింది, అన్నయ్య వేళాకోళం సరిగ్గా ఇదే, ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా ఎంతో మర్యాదగా ఈ నీళ్ళే ఇచ్చి వాళ్ళ ముఖాలు చూసేవాడు, వదిన మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క గుక్క తాగి మిగతాదంతా వాడి చొక్కా మీద పోసింది, ఆ క్షణమే అనుకున్నాను, నాకు వదినంటే ఈవిడే అని, ఇప్పుడు ఆయనతో, అవి కాదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు, నోరు మూసుకుని చూశాను, మింగనీ, తెలియనీ, ఈ ఇంట్లోకి రావడమంటే ఏంటో తెలియనీ అనుకున్నాను, ఆయన ఒక గుక్క తాగాడు, గొంతు ఒక్కసారి ఆగింది, కళ్ళు చిన్నవయ్యాయి, గ్లాసు దించేస్తాడనుకున్నాను, దించలేదు, నా వైపు ఒకసారి చూసి రెండో గుక్క తాగాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, చెవులు ఎర్రబడ్డాయి, అయినా గ్లాసు మళ్ళీ ఎత్తాడు, పిచ్చా ఈయనకి, కడుపు కాలిపోతుంది, ఆ పులుపు మనిషి తాగేదా, అయ్యో అన్నయ్యా, ఆగండి, అవి నీళ్ళు కావు.

ఎవరో అన్నట్టు వినిపించింది, నేనే అన్నాను, లోపల కొళాయి చప్పుడు ఆగిపోయింది, వదిన తడి ముఖంతో గుమ్మంలో నిలబడింది, ఆయన దగ్గి, మణికట్టుతో కళ్ళు తుడుచుకుని, తెలుసమ్మా, మొదటి గుక్కకే తెలిసింది, మీ వదిన చెప్పింది, కొత్తవాళ్ళకి మీ అన్నయ్యగారు ముందు ఇవే ఇచ్చేవారట కదా, తను ఒక్క గుక్కకే ఆయన చొక్కా తడిపేసిందట, నేనైనా పూర్తిగా తాగి మంచి మార్కులు కొట్టేద్దామనుకున్నాను, రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుందమ్మా ఆయన గురించి, నేను కూడా చూసినట్టే ఉంటుంది అన్నాడు, రోజూనా, నాతో ఊఁ అని ఊరుకునే మనిషి, ఈయనతో రోజూనా, నేను గుచ్చి గుచ్చి అడుగుతుంటే ఊఁ అంది, ఈయన అడగకుండా కూర్చుంటే చెప్పింది, వదిన వచ్చి ఆయన చేతిలో గ్లాసు లాక్కుని మిగిలింది తను తాగేసింది, మూతి వంకర్లు పోయింది, అచ్చం మీ అన్నయ్య చేసినట్టే ఉందే అంది, నవ్వుతోంది, ముఖం మీద కొళాయి నీళ్ళేవో కంటి నీళ్ళేవో తెలియడం లేదు, ఇందాక ఈయన్ని ఏమన్నావే మరదలు పిల్లా, మళ్ళీ అను అంటోంది, నేను వంటింట్లోకి వచ్చాను, జల్లెడ కింద గిన్నెలో ఇంకా చుక్క పడుతూనే ఉంది, పొద్దుట్నుంచీ కళ్ళతో చూడటమే తప్ప నోట్లో వేసుకోలేదు, ఒక చెంచా తీసుకుని నాలుక మీద పోసుకున్నాను, చూస్తే వట్టి నీళ్ళు, నాలుక మీద మాత్రం కాయ కోసినప్పుడు ఎంత పులుపుందో అంతా అలాగే ఉంది, పిసరు కూడా తగ్గలేదు, గుడ్డలో మిగిలింది మసకే, పులుపంతా దిగి ఇక్కడికే వచ్చింది, తేరుకున్నానే అని వదిన ఆ రోజు ఫోన్లో చెప్పింది ఇదన్నమాట.